గ్రహాంతర నగరంలో పోలీసు ఠాణా

అది 2040వ సంవత్సరం. న్యూయార్కు పోలీసుశాఖలో ఇరవై ఏండ్లు కొలువు చేసిన బ్రోగన్ అనే లెఫ్టినెంటు ఉద్యోగరీత్యా భార్యాబిడ్డలతో సహా ఆల్టార్ అనే గ్రహానికి వలస వస్తాడు. ఆ గ్రహంలోని డెమీటర్ నగరంలో మనుష్యులతోబాటు క్రియాన్లు, టార్నులు అనే మరి రెండు జాతులవారు కాపురముంటారు. క్రియాన్లకు ముఖమంతా కన్నులే. టార్నులకు నుదుట మూడవ కన్ను, దానితోబాటు వస్తువులను తాకకుండ కదల్చగల శక్తి ఉన్నవి. మూడు జాతులవారు ఒకే ఠాణాలో కొలువు చేస్తూ హత్యలను, దోపిడీలను పరిశోధిస్తూ ఉంటారు. 1994-95లో ప్రసారమైన 'స్పేస్ ప్రీసింక్ట్' అనే టెలివిజన్ కథామాలిక సంగ్రహంగా ఇది. దీనిలో 24 భాగాలు ఉన్నవి. బొమ్మలతో తీసిన 'థండర్‌బర్డ్స్' వలన 1965 నాటికే పేరుమోసిన ఆంగ్లేయుడు జెర్రీ ఆండర్సన్ దీనిని నిర్మించినాడు. ఈ ఊహ ఆయనకు చాలకాలం నుండి ఉన్నది; 1986లోనే 'స్పేస్ పోలీస్' అనే పేరుతో ఒక మచ్చుచిత్రం తీసి చూచినాడు.

కంటికి ఇంపైన పని అందులో చాలా ఉన్నది. చిన్న నమూనాలతో కట్టిన నగరం, ఆకాశంలో ఎగిరే పోలీసు బండ్లు, రబ్బరు ముఖాల లోపల మోటార్లు అమర్చి కనురెప్పలు ఆడించిన నేర్పు, వీటికి ఎవరైనను తల ఊపవలసినదే. అంతకంటె మెచ్చుకొనదగిన గుణం మరొకటి ఉన్నది. గ్రహాంతరవాసి అనగానే రాక్షసుడనో దేవుడనో చూపే అలవాటుకు భిన్నంగా ఇందులో అతడు జీతం తీసుకొని, పై అధికారి చేత చీవాట్లు తిని, ఇంటికి పోయి భోజనం చేసే సామాన్య ఉద్యోగి. ఇది మంచి ఊహ. అయితే శాస్త్రదృష్టితో చూచినపుడు ఈ కథామాలిక ఎక్కడ నిలిచినది, ఎక్కడ జారినది?

ముందుగా స్థలం సంగతి. ఆల్టార్ గ్రహం ఎప్సిలాన్ ఎరిడాని అనే నక్షత్రం చుట్టూ తిరుగుతున్నదని కథ. ఈ నక్షత్రం కల్పన కాదు. మన సూర్యుని కంటె కొంచెం చిన్నది, కొంచెం చల్లనిది. మనకు సుమారు 10.5 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. 1960లో ఫ్రాంక్ డ్రేక్ అనే ఖగోళవేత్త అన్యలోకాల సంకేతాలు వినవస్తవేమో అని రేడియో దూరదర్శిని త్రిప్పిన రెండు నక్షత్రాలలో ఇది ఒకటి. కనుక రచయితలు చోటు ఎంచుకొనుటలో పొరపాటు చేయలేదని మొదట అనిపిస్తుంది. కాని చిక్కు దాని వయస్సులో ఉన్నది. ఆ నక్షత్రం పుట్టి వంద కోట్ల ఏండ్లు కూడ కాలేదని శాస్త్రజ్ఞుల అంచనా. మన భూమి పుట్టిన తరువాత గాలిలో ప్రాణవాయువు చెప్పుకోదగినంత చేరుటకే సుమారు రెండువందల కోట్ల ఏండ్లు పట్టినది. అట్టిచో ఆ పసి గ్రహంపై న్యూయార్కు పోలీసు ముక్కుకు తొడుగు లేకుండ వీధులవెంట పరుగెత్తుట ఎట్లు? క్రియాన్లు ఎక్కడినుండి వచ్చినవారైనను సరే, ఆ గాలి ఎక్కడనుండి వచ్చినదో చెప్పవలసిన బాధ్యత కథకునిదే. ఇక ప్రయాణం సంగతి సరేసరి. సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాయేజరు నౌక ఆ దూరం పోవలెనంటే లక్షా ఎనభైవేల ఏండ్లు పైబడుతుంది. 2040 నాటికి బ్రోగన్ గారి సంసారం సామానుతో సహా అక్కడ దిగినది!

ఠాణాను నేలమీద కాక గ్రహం చుట్టూ తిరిగే కక్ష్యలో పెట్టుట ఇంకొక చోద్యం. చూచుటకు గొప్పగానే ఉంటుంది. కాని మన భూమి లెక్కనే తీసుకొంటే, నాలుగువందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే కట్టడం ఒక ఊరి ఆకాశంలో కనబడేది కొద్ది నిమిషాలే. పిదప గంటన్నర దాకా దాని జాడ ఉండదు. ఊరి మీదనే కదలకుండ నిలువవలెనంటే సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తుకు పోవలెను. అప్పుడును అది భూమధ్యరేఖకు పైననే నిలుస్తుంది గాని, 16 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఊరి నడినెత్తిన నిలువదు. గస్తీ తిరిగే జవానుకు ఇంతకంటె అనువుకాని ఠాణా మరొకటి ఉండబోదు.

ఈ లోపాలను క్షమించవచ్చును. కల్పనలో ఒకటి రెండు అసాధ్యాలను ఒప్పుకొని ముందుకు సాగుట పాఠకధర్మం. కాలయంత్రం ఎట్లు నడుస్తుందని వెల్సును ఎవరు నిలదీసినారు? క్షమింపరాని లోపం వేరొకటి ఉన్నది. డెమీటర్ నగరంలో జరిగే నేరాలను న్యూయార్కులో పరిశోధించినట్లే పరిశోధిస్తారు. ముఖాలు మారినవి, బండ్లకు రెక్కలు వచ్చినవి. సాక్ష్యం మాత్రం మారలేదు. కొత్త లోకంలో ఏది సాక్ష్యమౌతుంది, ఏది కాదు అనే ప్రశ్న ఆ ఠాణాలో ఎవరికీ తోచదు. గ్రహాంతర నేరకథకు ప్రాణం ఆ ప్రశ్నయే.

ఈ మాట తేటపడుటకు పది కాంతి సంవత్సరాలు పోనక్కరలేదు. పల్నాడు జిల్లాలోని చిలకలూరిపేట దాకా వస్తే చాలును.

న్యాయవైద్యంలో మొదట నేర్పే పాఠం, ప్రాణం పోయిన దేహం క్రమంగా చల్లబడుతుందని. బ్రతికియున్న దేహపు వేడి సుమారు 37 డిగ్రీలు. చనిపోయిన పిదప గంటకు సుమారు ఎనిమిది పదవవంతుల డిగ్రీ చొప్పున తగ్గుతుందని ఒక స్థూలమైన లెక్క ప్రచారంలో ఉన్నది. శవపు వేడి కొలిచి, తగ్గిన డిగ్రీలను బట్టి వెనుకకు లెక్కవేస్తే మరణించిన వేళ తెలుస్తుందని దాని భావం. ఈ లెక్క చలిదేశాల్లో పుట్టినది. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం పేటలో గాలివేడి 40 డిగ్రీలు దాటుట వింత కాదు. అప్పుడు రేకుల కొట్టంలో పడియున్న దేహం చల్లబడదు సరికదా, కొంచెం వేడెక్కవచ్చును. లండను పుస్తకాన్ని నమ్ముకొని వేడి కొలిచిన వైద్యుడు మనిషి ఇప్పుడే చనిపోయినాడని వ్రాస్తాడు; చనిపోయి ఆరుగంటలై ఉండవచ్చును. శవం బిగుసుకొనుట, తిరిగి సడలుట కూడ మన ఎండలకు త్వరగా జరుగుతవి. భారతదేశపు న్యాయవైద్య గ్రంథాలు వేసవికి ఒక లెక్క, చలికాలానికి ఒక లెక్క వేరుగా ఇచ్చుటకు కారణం ఇదే. అనగా లండనులో తయారైన పుస్తకానికి మే మాసపు చిలకలూరిపేటయే ఒక గ్రహాంతర నగరం!

దూదిపోగుల సంగతి ఇంకను చిత్రమైనది. ఫ్రాన్సులోని లియోన్ నగరంలో 1910లో పోలీసు ప్రయోగశాల నెలకొల్పిన ఎడ్మండు లోకార్డు పేరుతో ఒక సూత్రం ప్రసిద్ధమైనది: రెండు వస్తువులు తాకినపుడు ఒకదాని జాడ మరొకదానికి అంటుతుంది. నేరస్థుడు తనతో ఏదో తెస్తాడు, ఏదో తీసుకొనిపోతాడు. ఈ సూత్రం ప్రపంచమంతటా ఒకటే. కాని అంటిన జాడకు గల విలువ ఊరిని బట్టి మారుతుంది. నూలుమిల్లులు ఎరుగని ఒక చలిదేశపు పల్లెలో హతుని గోళ్లలో ముడి ప్రత్తిపోగు దొరికినదనుకొందాము. అది గొప్ప సాక్ష్యం. ప్రత్తితో పనిచేసేవాడు ఆ చుట్టుప్రక్కల ఎందరుంటారు? అదే పోగు చిలకలూరిపేటలో దొరికితే దేనిని రుజువు చేస్తుంది? ప్రత్తి జిన్నింగు, నూలు వడకుట జీవనాధారమైన ఊరది. సీజనులో దూది నూగు అంటని చొక్కా దొరకుట అపురూపం. అక్కడ హతుని గోళ్లలో మంచుదేశపు జంతువు రోమం దొరికితే ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడవలె గాని, దూదిపోగు దొరికితే కాదు. మిరపగింజ, నల్లరేగడి మన్ను విషయమూ అంతే. సాక్ష్యానికి బలం దానిలో లేదు. అది ఆ చోట ఎంత అరుదో అందులో ఉన్నది. కొత్త ఊరికి బదిలీ అయిన ఏ ఇన్‌స్పెక్టరు అయినను మొదట నేర్చుకోవలసినది నేరస్థుల జాబితా కాదు, ఆ ఊళ్లో ఏది సర్వసామాన్యమో అది. బ్రోగన్ ఇరవైనాలుగు భాగాలలోను ఈ పాఠం నేర్చుకొన్నట్లు అగుపడదు. డెమీటర్ నగరపు వీధులలో ధూళి దేనితో అయినదో, టార్ను చర్మం నుండి ఏమి రాలుతుందో తెలియనివానికి అక్కడి నేరస్థలంలో సాక్ష్యమేదో, చెత్త ఏదో ఎట్లు తెలుస్తుంది?

ఇది ఊరక కథల తగవు కాదు. 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేండ్లు, అంతకు మించి శిక్షపడదగిన నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వచ్చి సాక్ష్యాలు సేకరించవలెనని నియమించినది. దీనిని అమలులో పెట్టుటకు రాష్ట్రాలకు అయిదేండ్ల లోపు గడువు ఇచ్చినది. నిపుణుడు వచ్చేలోపల అక్కడ గుమిగూడిన జనం ఏమి త్రొక్కినారు, ఏమి ముట్టినారు అన్నదానిపై ఒక మనిషి నిర్దోషిత్వం ఆధారపడవచ్చును. ఆ జనానికి సాక్ష్యమంటే ఏమిటో నేర్పేది పాఠ్యపుస్తకాల కంటె ఎక్కువగా సినిమాలు, కథలు. అందుచేత కథకులను కొంచెం గట్టిగానే అడుగవలసి ఉన్నది.

వేలిముద్రల సంగతి చూతము. వీటి వర్గీకరణకు పురుడుపోసినది మనదేశమే. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడినది. ఎడ్వర్డు హెన్రీ పేరుతో లోకమంతటా వ్యాపించిన పద్ధతికి గణితపు పునాది వేసినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు. జల్పాయిగురిలో ఒక తేయాకుతోట మేనేజరు హత్య కాగా, అతని పెట్టెలోని బంగాళీ పంచాంగంపై కనిపించిన రక్తపు మరక ఒక పాత నౌకరు బొటనవ్రేలితో సరిపోయినది. న్యాయస్థానం అతనిని దొంగతనానికే శిక్షించినది. ఒక్క వ్రేలిముద్రను నమ్మి హత్యానేరం మోపుటకు సాహసించలేదు. కొత్తసాక్ష్యం యెడల చూపదగిన జాగ్రత్త అది. మరి క్రియాన్ చేతికి ముద్రలుండునా? ఉండవచ్చును. ఆస్ట్రేలియా చెట్లపై తిరిగే కొయాలా అనే జంతువు వ్రేలిముద్రలు మనిషి ముద్రలను అచ్చుగా పోలియుండునని 1990ల దశకంలో శాస్త్రజ్ఞులు చూపినారు. మనిషికి, కొయాలాకు దగ్గర చుట్టరికం లేదు. కొమ్మను పట్టుకొనే అవసరమే రెండు చోట్ల అట్టి గీతలను మలచి ఉండవచ్చును. కనుక పట్టు అవసరమైన ఏ లోకంలోనైనను వేలిముద్రల కార్యాలయం తెరువవచ్చునేమో! ఇట్టి ఊహ ఒక్కటి చాలు, ఒక మంచి కథకు.

రక్తం విషయంలో అంత ధీమా కూడదు. మన రక్తపు ఎరుపుకు ఇనుము గల పదార్థం కారణం. రొయ్యకు, పీతకు ఆ పనిని రాగి గల పదార్థం చేస్తుంది. దొరికిన మరక మనిషి రక్తమా, జంతువు రక్తమా తేల్చే పరీక్షను 1901లో జర్మనీలో ఊలెన్‌హూత్ కనిపెట్టినాడు. అది ప్రాణుల మాంసకృత్తులలోని చుట్టరికపు ఎక్కువతక్కువలను పట్టి చూపుతుంది. చుట్టరికమే లేనిచోట అది ఏమి చెప్పును?

ఈ చుట్టరికం మాటకు మన హైదరాబాదులోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. అక్కడి కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో లాల్జీ సింగ్ 1988లో దేశీయమైన డి.ఎన్.ఎ. ముద్రల పద్ధతిని సిద్ధం చేసినారు. అందులో వాడిన శోధకం పట్టీల కట్లపాములో మొదట గుర్తించిన డి.ఎన్.ఎ. భాగం నుండి వచ్చినది. పాములోని అక్షరక్రమం మనిషిలోని నేరస్థుని ఎట్లు పట్టియిచ్చినది? పాముకు, మనిషికి అతి పురాతనమైన ఒకే వంశవృక్షం కనుక. 1991లో శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగిన పిదప మృతావశేషాల గుర్తింపులో ఈ పద్ధతి ఉపయోగపడినది. ఆల్టార్ గ్రహంలో ఈ వంశవృక్షం లేదు. క్రియాన్ కణాలలో డి.ఎన్.ఎ. ఉండి తీరవలెనన్న నియమం లేదు. అక్కడికి పోయిన పోలీసు మొదటిరోజు గ్రహించవలసిన భయంకరమైన సత్యం, తన పెట్టెలోని పరికరాలలో సగం తన బంధువుల మధ్యనే పనిచేస్తవని. స్పేస్ ప్రీసింక్ట్ దీనిని తాకనైన తాకలేదు. పైగా చిక్కు వచ్చినప్పుడు టార్ను జవానుకు మూడవ కన్ను ఉండనే ఉన్నది.

'వైజ్ఞానిక కల్పనలో అపరాధ పరిశోధన అసంభవం' అని అమెరికా సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ అనేవాడట. కథ నడుమ ఏదో కొత్త యంత్రాన్నో, కొత్త శక్తినో బయటికి తీసి ముడి విప్పితే పాఠకునికి అన్యాయం జరుగుతుందని ఆయన ఆక్షేపణ. న్యాయమైన ఆక్షేపణయే. దానికి సమాధానంగా ఐజాక్ అసిమోవ్ 1954లో 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' నవల ప్రకటించినాడు. అందులో న్యూయార్కు రెండుకోట్ల జనంతో ఉక్కు కప్పుల క్రింద మూసిన నగరం. ఆ జనానికి ఆరుబయలు అంటే ప్రాణభయం. ప్రక్కనే అన్యగ్రహాల నుండి వచ్చినవారి పేటలో ఒక హత్య జరుగుతుంది. ఆరుబయలు దాటి పోతే తప్ప ఎవరికీ తెలియకుండ అక్కడకు ఆయుధం చేరదు. నగరవాసి ఎవడును ఆరుబయట అడుగుపెట్టలేడు. మరమనిషికి మనిషిని చంపుట దాని నిర్మాణంలోనే నిషిద్ధం. ఈ మూడు సంగతులను ముందే పాఠకుని చేతిలో పెట్టి, తరువాతనే హంతకుని వెదకుమంటాడు. హంతకుడెవరో ఇక్కడ చెప్పుట భావ్యం కాదు.

1957 నాటి 'ది నేకెడ్ సన్' ఇంకను పటిష్ఠమైనది. అదే పోలీసు, బేలీ, ఈసారి సొలేరియా అనే గ్రహానికి పోతాడు. అక్కడ మనుష్యులు ఇరవైవేలమంది. ఒక్కొక్కరికి పదివేల మరమనుషులు. ఒకరినొకరు తెరపై చూచుకొనుటయే గాని ఎదురెదురుగా కలుసుకొనుట వారికి రోత. అట్టిచోట ఒకడు తల పగిలి చనిపోయినాడు. దగ్గరకు పోనిదే కొట్టుట ఎట్లు? మన ఊళ్లో అయితే 'అతడు వారి ఇంటికి పోయినాడు' అన్నది మామూలు సంగతి. సొలేరియాలో అదే కనీవినీ ఎరుగని సాక్ష్యం. దూదిపోగు పాఠమే ఇది, తిరగవేసి చెప్పినది. అసిమోవ్ వచనం పొడిగా ఉంటుంది, పాత్రలు ఎక్కువగా మాటలతోనే గడుపుతవి, ఆకాశపు బండ్ల వేడుక లేదు. అయినను నేరం ఆ నగరం కడుపున పుట్టినది. ఇంకొక నగరంలో జరుగజాలదు. డెమీటర్ నగరపు నేరాలలో చాలవాటిని న్యూయార్కుకు త్రిప్పి పంపినను ఒక్క పోచ రాలదు.

తెలుగువారి సంగతి? అపరాధ పరిశోధన మనకు కొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను చదివి పెరిగిన తరాలున్నవి. భావినగరాలను కూడ తెరపై కట్టినాము. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏ.డి.'లో కాశి చిట్టచివరి నగరం. దానిపై తలక్రిందులైన పిరమిడు వంటి మహాకట్టడం. కాని అక్కడ పట్టి ఇచ్చినవానికి వెల కట్టుటయే గాని, నేరం రుజువైనదా అని అడిగే నాథుడు లేడు. ఆ లోకపు దుర్మార్గాన్ని చూపుటకే అట్లు చేసినారనుకొంటే అది తప్పు కాదు. కాని పరిశోధనకు చోటు లేకపోయినది.

అందుకు చోటున్నది 1991 నాటి 'ఆదిత్య 369'లో. సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ఈ చిత్రంలో కాలయంత్రం 1526 నాటి విజయనగరానికి, 2504 నాటి భూగర్భ నగరానికి పోతుంది. కథ ఆరంభం మ్యూజియంలో ఒక వజ్రపు చోరీ. ఆ వజ్రం కృష్ణదేవరాయల నాటిది. పైగా యంత్రంలో నాయికానాయకులతోబాటు ఒక పోలీసు కానిస్టేబులు కూడ ఉన్నాడు! సుత్తివేలు ధరించిన ఆ పాత్రను నవ్వులకే వాడుకొన్నారు. నవ్వు పండినమాట నిజం. రాయలవారి వీధులలో యూనిఫారం వేసుకొని, ఏ అధికారమూ చెల్లని జవాను నిలుచుండుట మంచి హాస్యం. కాని అతడు ఎంతటి అవకాశాన్ని చేజార్చినాడో చూడవలెను. ప్రతి వజ్రంలోను సూక్ష్మమైన పొడలు, పగుళ్లు ఉంటవి. ఏ రెండింటిలోను అవి ఒకే తీరుగా ఉండవు. వజ్రానికి అవే వేలిముద్రలు. కృష్ణాతీరపు వజ్రాలకు పుట్టినిల్లయిన కొల్లూరు గని పల్నాడులోనిదే. నేడు పులిచింతల జలాశయపు నీటి అడుగున ఉన్నది. 1526లో ఆ రాయి ఎదుట ఇద్దరు మధ్యవర్తులను కూర్చుండబెట్టి, దాని తూకం, పొడల బొమ్మ, పగుళ్ల దిక్కు వ్రాసుకొని సంతకాలు చేయించి కానిస్టేబులు తిరిగివచ్చి ఉంటే, దొంగలవద్ద పట్టుబడిన రాయి అసలో నకిలీయో తేల్చుటకు 465 ఏండ్ల నాటి పంచనామా అతని జేబులోనే ఉండేది. న్యాయస్థానం ఆ మధ్యవర్తులకు సమనులు ఎట్లు పంపుతుందన్నది వేరే కథ.